ఉరి అని రాసి మూసేస్తున్న కేసులు

దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తరచూ కనిపిస్తుంది: "కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య." ఊరి పేరు, వయసు, భర్త పేరు మారుతుంటాయి. వాక్యం మారదు. ఇంట్లో ఎవరూ లేని సమయంలో చీరతోనో చున్నీతోనో ఉరేసుకుందనీ, మృతదేహాన్ని పోస్టుమార్టం కోసం ప్రభుత్వ ఆసుపత్రికి తరలించారనీ, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారనీ వార్త ముగుస్తుంది. ఆ దర్యాప్తు ఏమైందో మాత్రం మనం చదవం. పెళ్లయిన మూడు నాలుగేళ్లకే ఇంతమంది ఆడపిల్లలకు ప్రాణం తీసుకునేంత కడుపునొప్పి ఎందుకు వస్తున్నదని వైద్యశాఖ అయినా విచారించినట్టు లేదు.

బెల్లంపల్లిలో ఈమధ్య మహిళా కార్యకర్తలతో కూర్చున్నప్పుడు ఈ వార్తల మీదే చర్చ నడిచింది. సింగరేణి క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఒక అక్క అడిగింది: "మేడం, పిల్ల ఉరేసుకున్నదో, సంపి ఉరేసిండ్రో డాక్టరుకు ఎట్ల తెలుస్తది? తెలిస్తే మరి కాయితంల ఎందుకు రాయడు?" ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు వైద్యశాస్త్రంలో ఉంది. రెండోదానికి జవాబు చాలావరకు పోలీసు స్టేషన్‌లో, తహశీల్దారు ఆఫీసులో, పెద్దమనుషుల పంచాయితీలో ఉంది.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. మరణానికి కారణం వేరు, మరణం జరిగిన తీరు వేరు. 'మెడ మీద ఒత్తిడి వల్ల ఊపిరాడక మరణించింది' అనేది కారణం. అది డాక్టరు చెప్పాల్సిన మాట. ఆ ఒత్తిడి తనంతట తాను తెచ్చుకున్నదా, మరొకరు కలిగించిందా, ప్రమాదమా అన్నది తీరు. దానికి శవం ఒక్కటే సాక్ష్యం కాదు. చనిపోయిన గది, ముడి, తాడు, తలుపు గడియ, ముందురోజు ఇంట్లో జరిగిన గొడవ, ఆమె తల్లికి చేసిన ఫోను అన్నీ కలిస్తేనే అది తేలుతుంది. ఆచరణలో జరిగేది ఏమిటి? డాక్టరు 'ఉరి వల్ల ఊపిరాడక మరణం' అని రాస్తాడు. పోలీసులు దాన్ని 'ఆత్మహత్య' అని చదువుతారు. తీరు తేల్చాల్సింది పోలీసులని డాక్టరు అనుకుంటాడు. డాక్టరు తేల్చేశాడని పోలీసులు అనుకుంటారు. ఎవరూ తేల్చని విషయం తేలిపోయినట్టు ఫైలు మూతపడుతుంది.

శవం చెప్పగలిగింది చాలానే ఉంది. మనిషి బరువుతో వేలాడినప్పుడు తాడు గుర్తు సాధారణంగా మెడ పైభాగాన, దవడ కింద, ముడి ఉన్న వైపుకి ఏటవాలుగా ఎక్కుతుంది. ముడి దగ్గర గుర్తు తెగిపోయి ఉంటుంది. వెనకనుంచి తాడు బిగించి చంపితే గుర్తు మెడ చుట్టూ అడ్డంగా, ఎక్కువగా స్వరపేటిక మీదనో దానికి దిగువనో, పూర్తి వలయంగా ఉంటుంది. మెడ కండరాల్లో నెత్తురు కమిలి ఉంటుంది. కళ్లలో, మొహం మీద సన్నని రక్తపు చుక్కలు ఎక్కువగా కనిపిస్తాయి. చేతులతో నులిమితే గోళ్లు దిగిన అర్ధచంద్రాకారపు గాట్లు, వేళ్ల ఒత్తిడికి కమిలిన మచ్చలు ఉంటాయి. బతికుండగా వేలాడిన మనిషి నోటి మూల నుంచి లాలాజలం కారి గడ్డం మీదుగా ఛాతీ మీదికి చార కట్టడం ఒక ముఖ్యమైన గుర్తు. చంపి తర్వాత వేలాడదీస్తే మామూలుగా అది ఉండదు.

ఇవన్నీ 'సాధారణంగా'నే. ఆ మాటను మనం గట్టిగా పట్టుకోవాలి. ఎందుకంటే మన నిజనిర్ధారణ నివేదికల్లో ఒక వాదన పదే పదే వస్తుంది: "కాళ్లు నేలకు తగులుతున్నాయి, కాబట్టి ఇది ఉరి కాదు, హత్యే." తల్లిదండ్రులు అలా అనడం సహజం. కానీ ఫోరెన్సిక్ శాస్త్రం ఈ వాదనను ఒప్పుకోదు. మెడలోని సిరలు మూసుకుపోవడానికి రెండు కిలోల ఒత్తిడి చాలు. మెదడుకు నెత్తురు తీసుకువెళ్లే పెద్ద ధమనులకు నాలుగైదు కిలోలు చాలు. మోకాళ్ల మీద కూర్చుని, మంచం మీద వాలి కూడా మనుషులు ఉరితో చనిపోతారు. ఈ ఒక్క వాదన మీద కేసు నిలబెడితే ఎదుటి వకీలు పది నిమిషాల్లో కూలగొడతాడు. దానితోపాటు నిజంగా బలమున్న సాక్ష్యం కూడా అనుమానంలో పడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున మరొక పొరపాటు అభిప్రాయం ఉంది. దానివల్ల మనకు జరిగే నష్టం ఇంకా ఎక్కువ. నాలుక మొదట్లో గుర్రపు లాడం ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది, హయాయిడ్ అంటారు. గొంతు నులిమితే అది విరుగుతుందని సినిమాల దగ్గర్నుంచి కోర్టుల దాకా అందరికీ తెలుసు. అందువల్ల 'హయాయిడ్ చెక్కుచెదరలేదు' అని రిపోర్టులో ఉంటే హత్య కాదనే అర్థం తీస్తారు. కానీ ఆ ఎముక కొమ్ములు గట్టిపడి అతుక్కునేది నడివయసు వచ్చేసరికే. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలో అది ఇంకా వంగే గుణంతో ఉంటుంది. నులిమినా విరగకపోవచ్చు. మనం మాట్లాడుతున్న చావుల్లో ఎక్కువ భాగం ఆ వయసు పిల్లలవే. నలభై దాటిన మనిషి శరీరాన్ని బట్టి ఏర్పడిన ఒక నమ్మకాన్ని కొత్త పెళ్లికూతురి మెడకు కొలబద్దగా పెడుతున్నామన్నమాట. ఎముక విరగకపోవడం దేనికీ రుజువు కాదని మన న్యాయవాదులు ప్రతి కేసులో డాక్టరు చేత చెప్పించాలి.

దిండు మొహం మీద అదిమి చంపితే పైకి ఏ గుర్తూ లేకపోవచ్చు. పెదవుల లోపలి వైపు, చిగుళ్ల దగ్గర పళ్లు ఒత్తుకుని ఏర్పడిన చిన్న గాయాలు వెతికితేనే కనిపిస్తాయి. వెతకాలంటే పెదవి తిప్పి చూడాలి. మెడ విషయంలోనైతే కోసే వరుస కూడా ముఖ్యం. ముందు తల, ఛాతీ తెరిచి నెత్తురు కారిపోనిచ్చి, ఆ తర్వాత మెడను పొర పొరగా విప్పాలి. అలా కాక నేరుగా మెడ మీద కత్తి పెడితే, కోసినందువల్ల కారిన నెత్తురు దెబ్బ వల్ల కమిలినట్టు కనిపిస్తుంది. అంటే తొందరపాటు పోస్టుమార్టం హత్యను దాచగలదు, లేని హత్యను చూపించనూగలదు.

ఈ పని ఎవరు చేస్తున్నారు? చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో ఎక్కువగా ఆరోజు డ్యూటీలో ఉన్న ఎం.బి.బి.ఎస్. డాక్టరు. ఓ.పి.లో జ్వరాలు చూసి, ఒక కాన్పు చేసి, మధ్యలో వచ్చి శవాన్ని చూడాలి. బయట ఇరుపక్షాల బంధువులు కేకలు వేస్తుంటారు. ఆ డాక్టరును ఒక్కడినే తిట్టుకుని లాభం లేదు. ఆదిలాబాద్‌లో వైద్య కళాశాల 2008లో గానీ రాలేదు. అంతకుముందు బెల్లంపల్లికి దగ్గరి ప్రభుత్వ వైద్య కళాశాల అంటే వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని వరంగల్‌లో ఉన్న కాకతీయ కళాశాలే. 2022లో మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైద్య కళాశాల ఉన్నచోట ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం ఉండి తీరాలి. ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలో నిపుణులు ఉండాల్సిన ఈ రోజుల్లో, అనుమానాస్పదంగా చనిపోయిన స్త్రీ శవాన్ని అక్కడికి పంపమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. రాత్రిపూట హడావుడిగా కానిచ్చేసే ఆలోచనకు కూడా అభ్యంతరం చెప్పవచ్చు. సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టంకు కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో అనుమతి ఇచ్చినప్పుడు హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణాలను అందులోంచి మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప వాటిని రాత్రి చేయకూడదు.

అయితే శవం బల్ల మీదికి వచ్చేసరికే సగం సాక్ష్యం పోతోంది. దించగానే ఇంటి ఆడవాళ్లు ఏడుస్తూ మొహం కడుగుతారు, బట్టలు సర్ది, జుట్టు దువ్వి, బొట్టు పెడతారు. ప్రేమతో చేసే పనే. లాలాజలపు చార ఆ తడిగుడ్డతో పోతుంది. ముడి కోసి పారేస్తారు. నిజానికి ముడి జోలికి పోకుండా దానికి ఎదురువైపు తాడును కోసి, కోసిన కొసలను దారంతో కట్టి, సీలు చేసి డాక్టరుకు చూపించాలి. ముడి వేసిన చేయి ఎవరిదో, ఆ చీర వెడల్పుకీ మెడ మీది గుర్తుకీ పొంతన ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. దూలం మీద, ఫ్యాను కొక్కెం మీద రాపిడి జాడలు ఏ వైపుకు ఉన్నాయో చూడాలి. బరువును కింది నుంచి పైకి లాగి కట్టారా, వేలాడినప్పుడు తాడు కిందికి జారిందా అన్నది అవి చెప్పగలవు. గదికి తాళం వేసి, ఫోటోలు తీసి, ఆ తర్వాతే శవాన్ని దించే పద్ధతి మన ఇళ్లలో ఆడపిల్ల చనిపోయినప్పుడు ఎక్కడుంది?

బెల్లంపల్లిలో ఉండి ఈ మాట రాస్తుంటే మరొక పోలిక గుర్తుకు రాక తప్పదు. ఊపిరాడక చావడం అంటే ఏమిటో ఈ బొగ్గు పట్టణానికి ఒకరు చెప్పనక్కర్లేదు. బావిలో గాలి ఆడకపోతే, గ్యాసు చేరితే ఏమవుతుందో ప్రతి కార్మిక కుటుంబానికీ తెలుసు. 1952 నాటి గనుల చట్టం 23వ సెక్షన్‌లో, ప్రాణనష్టం జరిగిన చోటును గనుల తనిఖీ అధికారి వచ్చి చూసేదాకా కదిలించకూడదని రాశారు. మనుషుల్ని, శవాల్ని బయటికి తీయడం వంటి మినహాయింపులు పెట్టారు. అధికారి 72 గంటల్లో రాకపోతేనే అక్కడ మళ్లీ పని మొదలుపెట్టవచ్చన్నారు. కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడితే నిలబడిన నియమాలివి. ఆ నియమాలు కూడా ఎన్నిసార్లు నీరుగారాయో కార్మికులనడిగితే చెబుతారు, అది వేరే కథ. బావిలో భర్త చనిపోతే ఆ చోటు సాక్ష్యం. క్వార్టర్లో భార్య చనిపోతే ఆ చోటు వంటిల్లు, సాయంత్రానికి కడిగేస్తారు. పని ప్రదేశంలో చావుకు ఎవరో ఒకరు జవాబుదారీ అని సమాజం ఒప్పుకుంది. ఇల్లు కూడా స్త్రీకి పని ప్రదేశమేననీ, అక్కడి చావుకు కూడా జవాబుదారీ ఉండాలనీ ఒప్పుకోవడానికి మాత్రం ఇంకా సిద్ధంగా లేదు.

చట్టం ఈ విషయంలో మరీ గుడ్డిదేమీ కాదు. 1970ల చివరి నుంచి స్త్రీల సంఘాలు చేసిన ఆందోళనల ఫలితంగా 1983లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ మారింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, ఆమె బంధువులు కోరినా శవాన్ని పోస్టుమార్టంకు పంపాలి. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేత, అంటే మన దగ్గర తహశీల్దారో ఆర్.డి.ఓ.నో, విచారణ జరిపించే ఏర్పాటూ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇవే 194, 196 సెక్షన్లు. శవ పంచనామా నివేదిక 24 గంటల్లో జిల్లా మేజిస్ట్రేటుకో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో చేరాలన్నది కొత్తగా చేర్చిన మాట. బెల్లంపల్లి రెవెన్యూ డివిజన్ కేంద్రమే కాబట్టి ఆర్.డి.ఓ. ఆఫీసు ఎక్కడో లేదు, నడిచిపోయి అడిగే దూరంలో ఉంది.

కొత్త చట్టంలో 176(3) సెక్షన్ గురించి గొప్పగా చెబుతున్నారు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వచ్చి సాక్ష్యం సేకరించాలి, వీడియో తీయాలి. రాష్ట్రాలు దీన్ని అయిదేళ్లలోగా అమల్లోకి తేవాలి. వరకట్న మరణానికి కనీస శిక్షే ఏడేళ్లు కాబట్టి అది ఇందులోకి వస్తుంది. చూడ్డానికి బాగుంది. కానీ మొదటి రోజున పోలీసులు నమోదు చేసేది వరకట్న మరణం కాదు. 194 కింద 'అనుమానాస్పద మృతి'. అది నేరం కింద లెక్క కాదు, కాబట్టి నిపుణులు రానక్కర్లేదు. నిపుణులు రారు కాబట్టి నేరమని చూపించే సాక్ష్యం దొరకదు. సాక్ష్యం దొరకలేదు కాబట్టి అది నేరం కాదు. పుట్టింటివాళ్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, వరకట్న వేధింపుల సంగతి అందులో రాసి, మొదటి గంటల్లోనే ఎఫ్.ఐ.ఆర్. కట్టించుకోవడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

గొర్రెకుంటను మరచిపోకూడదు. 2020 మే 21, 22 తేదీల్లో వరంగల్ శివార్లలోని ఆ ఊళ్లో ఒక బావిలోంచి తొమ్మిది శవాలు తీశారు. గోనెసంచుల కేంద్రంలో పనిచేసే వలస కుటుంబం, వారితోపాటు మరికొందరు. లాక్‌డౌన్ రోజులు కాబట్టి ఆకలి బాధకు సామూహిక ఆత్మహత్య అన్న మాట ముందు వినిపించింది. నమ్మడానికి చాలా అనువైన కథ. శవపరీక్ష, దర్యాప్తు వేరే సంగతి చెప్పాయి. తిండిలో మత్తుమాత్రలు కలిపి, స్పృహ తప్పినవాళ్లను ప్రాణాలుండగానే ఈడ్చుకెళ్లి బావిలో పడేశారు. నీళ్లలో మునిగి చావడం కూడా ఊపిరాడని చావే. ఈ తొమ్మిది హత్యలకు మూలం అంతకు రెండు నెలల ముందు జరిగిన ఒక స్త్రీ హత్య. నిందితుడు ఆమెను రైల్లో తీసుకెళ్తూ చున్నీతో గొంతు బిగించి బయటికి తోసేశాడనీ, ఆమె ఏమైందని బంధువులు నిలదీస్తుంటే అది బయటపడకుండా ఇంత పని చేశాడనీ దర్యాప్తులో తేలింది. ఆ అక్టోబరులో వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. (ఉరిశిక్ష మీద మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. నేను దానికి వ్యతిరేకం.) తొమ్మిది శవాలు ఒకేసారి తేలితే యంత్రాంగం మొత్తం కదిలింది. పట్టాల పక్కన పడి ఉన్న ఒక్క స్త్రీ శవానికి అది కదల్లేదు.

దీనికి పక్కనే ప్రత్యూష కేసును పెట్టి చూడాలి. భువనగిరి నుంచి వచ్చిన ఆ సినిమా నటి 2002 ఫిబ్రవరి 24న హైదరాబాదులో ఆసుపత్రిలో చనిపోయింది. శవపరీక్ష చేసిన వైద్యుడు ఆమెను చేతులతో గొంతు నులిమి చంపారని అభిప్రాయం చెప్పాడు. అది పత్రికలకెక్కింది, ఆందోళనలు జరిగాయి, కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. తర్వాత పరిశీలించిన నిపుణులు పురుగుమందు వల్ల మరణించిందని తేల్చారు. ఆమె స్నేహితుడికి ఆత్మహత్యకు ప్రేరేపించాడన్న నేరం కింద 2004లో సెషన్స్ కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది. 2011లో హైకోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించింది. పరీక్షలు పూర్తికాకముందే వెలువడిన ఒక అభిప్రాయం కన్నతల్లిని ఏళ్ల తరబడి రెండు నిజాల మధ్య నిలబెట్టింది. ఆసుపత్రిలో ప్రాణం నిలపడానికి గొంతులోకి గొట్టం వేసినప్పుడు కూడా లోపల గాయాలవుతాయి. అటువంటివన్నీ తీసేసి చూడ్డానికి సమయం పడుతుంది. 'హత్యే' అని ప్రకటించిన వైద్యుడు మన పక్షాన ఉన్నాడని అనుకోవడం తేలిక. కానీ మనకు కావలసింది జాగ్రత్తగా చూసే వైద్యుడు. చెప్పేది మనకు నచ్చకపోయినా సరే.

ఇంకొక మాట. హత్య అని తేలకపోతే పోరాటం ఓడిపోయినట్టేనన్న భావన మనలో కూడా ఉంది. 1986లో వచ్చిన 304-బి సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్, అలా అనుకోలేదు. ఏడేళ్లలోపు అసహజ మరణం, చావుకు కొద్దిముందు కట్నం కోసం వేధింపు: ఈ రెండూ రుజువైతే చాలు. ఉరి ఆమె వేసుకున్నదా వాళ్లు వేశారా అన్నది తేలకపోయినా ఆ సెక్షన్ వర్తిస్తుంది. ఆత్మహత్య అయితే ప్రేరేపణకు 108వ సెక్షన్ ఉంది. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన చావుకు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు సంజాయిషీ చెప్పుకోవాలని 2006లో త్రిముఖ్ మారోతి కిర్కన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మహారాష్ట్ర కేసులో అత్తింటివాళ్లు పాము కరిచిందన్నారు. శవపరీక్షలో గొంతు నొక్కిన జాడలు తేలాయి.

సమాజశాస్త్ర విద్యార్థిగా నాకు డర్కైమ్‌ను చదివించారు. 1897లో ఆయన ప్రభుత్వ లెక్కల ఆధారంగా ఆత్మహత్య మీద ఒక శాస్త్రాన్నే కట్టాడు. ఆ లెక్కలు తయారుచేసేవాళ్ల నమ్మకాలే అందులోకి దిగుతాయని 1967లో జాక్ డగ్లస్ విమర్శించాడు. మన పంచనామాలు చదివితే డగ్లస్ ఎంత నిజమో తెలుస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2021లో 23,178 మంది గృహిణులు ఆత్మహత్య చేసుకున్నారని లెక్క చెప్పింది. వరకట్న మరణాలు ఏటా ఆరు వేలకు పైగా అని కూడా అదే సంస్థ చెబుతున్నది. ఈ రెండు గళ్లలో ఏ శవం ఏ గడిలో పడాలో నిర్ణయించింది ఎవరు? చాలా సందర్భాల్లో ఒక హెడ్ కానిస్టేబులు, ఇద్దరు ముగ్గురు పంచులు, అప్పటికే సగం కుదిరిన ఒక రాజీ. సింగరేణి ఉద్యోగం ఉన్న అల్లుడు, బిడ్డకు పుట్టిన పసిపాప భవిష్యత్తు, పెట్టిన కట్నం వాపసు, ఇవన్నీ శవం లేవకముందే మాటల్లోకి వస్తాయి. డబ్బు తీసుకుని కేసు వదులుకున్నారని పుట్టింటివాళ్లను నిందించేవాళ్లు, కేసు నడిపితే వాళ్లకు ఎవరు తోడుంటారో కూడా చెప్పాలి.

పంచనామాకు ఇద్దరు లేక అంతకు ఎక్కువమంది గౌరవనీయులైన స్థానికులు ఉండాలని మాత్రమే చట్టం అంటుంది. వాళ్లు మగవాళ్లు కావాలని ఎక్కడా అనలేదు. స్త్రీ శరీరం మీది గాయాలు చూసి సంతకం పెట్టాల్సిన చోట అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘం నాయకురాలు ఎందుకు ఉండకూడదని బెల్లంపల్లి మహిళలు వేసిన ప్రశ్నకు నా దగ్గర అభ్యంతరం ఏదీ లేదు. పంచుగా నిలబడే మనిషి మెడ వెనక వైపు కూడా చూపించమనాలి, చేతుల గోళ్లు, పెదవుల లోపలి వైపు, వీపు చూపించమనాలి. చూడనిదాన్ని చూసినట్టు రాస్తే సంతకం పెట్టకూడదు. ముడితో సహా తాడు సీలు చేశారో లేదో అడగాలి. ఫోరెన్సిక్ నిపుణులతో, వీడియోతో పోస్టుమార్టం జరగాలని ఆర్.డి.ఓ.కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. మొదటి పరీక్ష మీద అనుమానం ఉంటే రెండోసారి కోరే వీలు దహనం కాకముందే ఉంటుంది. విసెరా ప్రయోగశాలకు వెళ్తే నెలలు పడుతుంది. ఆలోగా ఫైలు నంబరు పట్టుకుని తిరగాల్సింది మనమే.

పోస్టుమార్టం రిపోర్టు నకలు చేతికి వచ్చాక అది ఇంగ్లీషులో, అందులోనూ డాక్టర్ల చేతిరాతలో ఉంటుంది. బీరువాలో పెట్టి తాళం వేయకండి. తెలిసిన డాక్టరు దగ్గర కూర్చుని, ఒక్కొక్క గాయం ఎక్కడుందో, ఎంత పొడవుందో, మెడలోపలి కండరాల గురించి ఏం రాశారో, అసలు రాశారో లేదో తెలుగులో రాయించుకుని ఆమె తల్లికి చదివి వినిపించండి. కూతురి ఒంటి మీద ఏ మచ్చ పాతదో, ఏది పురిటినాటిదో, ఏది తను ఎన్నడూ చూడనిదో ఆమెకు తెలుసు. ఆ మాట స్టేట్‌మెంటులోకి ఎక్కాలి.